ఊరికే చెప్పే మాస్టారు



ఈసారి దానం గురించి నాలుగు మాటలు రాయమన్నారు. దానం గొప్పదని మీ అందరికీ తెలుసు. దశ పారమితల్లో మొదటిది అదే. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో పది పారమితలు పాటిస్తామన్న మాట కూడా ఉంది. కాబట్టి దానం ఎంత గొప్పదో చెప్పడానికి కాదు, దానం చేసేవాడు ఎక్కడ తప్పులో కాలేస్తాడో చెప్పడానికి రాస్తున్నాను. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే.

మా పేటలో సాయంత్రం బడి పెట్టి ఆరేళ్లయింది. నా ఉద్యోగం మండల కేంద్రంలో, కాపురం కూడా అక్కడే. ఐదున్నరకి ఆఫీసు వదిలి బండి మీద ఏడు కిలోమీటర్లు వస్తే ఆరింటికల్లా పేటలో కమ్యూనిటీ హాలు ముందుంటాను. తాళంచెవి పక్కింటి అవ్వ దగ్గర ఉంటుంది. నేను వచ్చేసరికే పిల్లలు తలుపు తీసి, ఊడ్చి, చాపలు పరిచి ఉంచుతారు. గోడకి ఒక పక్క బుద్ధ భగవానుడి పటం, ఇంకో పక్క బాబాసాహెబ్ పటం. త్రిశరణం, పంచశీలం చెప్పుకుంటాం. తర్వాత ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని శ్వాసను గమనించాలి. అందులో సగం మంది ఒక కన్ను తెరిచి, పక్కవాడు మూశాడా లేదా అని చూస్తుంటారు!

ముప్పై మంది పిల్లలు, ఒక్క బోర్డు. ఒకటో తరగతి వాడి నుంచి పదో తరగతి అమ్మాయి దాకా అందరూ ఒకే హాల్లో. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత గుణింతాలు దిద్దిస్తుంటే నేను పదోవాళ్లకి లెక్కలు చెప్తాను. వాళ్లు రాసుకునేలోపు గురుకులం ఎంట్రన్స్ రాసే ఐదో తరగతి వాళ్ల దగ్గరికి పోతాను. కరెంటు పోతే ఎక్కాలు. ఎక్కాలకి దీపం అక్కర్లేదు కదా! ఎనిమిదింటికి మూసేసి, తాళంచెవి అవ్వకిచ్చి ఇంటికి బయలుదేరతాను. వారానికి ఐదు రోజులు ఇదే పని. జీతం లేదు, పెట్రోలు ఖర్చు నాదే, సుద్దముక్కలూ నావే.

చూశారా, రాస్తూ రాస్తూ లెక్క చెప్పేశాను. జీతం లేదు, పెట్రోలు నాదే, సుద్దముక్కలు నావే. ఈ లెక్క నా మనసులో ఎప్పుడూ నడుస్తూనే ఉండేదని నాకే తెలియదు. ఒక రోజు తెలిసింది.

మిరపకాయలు కోసిన చేతులు

మా వైపు అక్టోబరు దాటితే పత్తి తీతలు, ఫిబ్రవరి వస్తే మిరప కోతలు. ఆ నెలల్లో హాజరు సగానికి పడిపోతుంది. బడి ఎగ్గొట్టించి పిల్లల్ని కోతకి తీసుకుపోతారు. తప్పే. కానీ నెత్తిమీద అప్పుండి, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో ఆ తప్పు ఎవరిదో చెప్పడం అంత తేలిక కాదు.

బడి పెట్టిన మూడో ఏడు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆరో తరగతి కుర్రాడొకడు లెక్క చేస్తూ చేస్తూ నిద్రపోయాడు. లేపాను. మళ్లీ తూగాడు. ఆ రోజు ఆఫీసులో నాకు మాట పడింది, దారిలో బండి పంచరైంది. "నేను ఇంత దూరం నుంచి పడి పడి వచ్చేది నువ్వు నిద్రపోవడానికా?" అని స్కేలు తీసుకుని రెండు చేతుల మీదా కొట్టాను. వాడు ఏడవలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు రాలేదు. నాలుగు రోజులు చూసి ఇంటికి వెళ్లాను. తల్లిదండ్రులు వలసపోయారు, వాడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. ఆ ముసలామె నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. మంచం వాల్చి కూర్చోమంది, నీళ్లిచ్చింది. పిల్లాడు ఆ రోజు పొద్దుటి నుంచి మిరపకాయలు కోసి, నేరుగా నా బడికే వచ్చాడట. మిరపకాయలు కోసిన చేతులు రాత్రంతా మండుతాయి. కొబ్బరినూనె రాసినా ఓ పట్టాన తగ్గదు. ఆ చేతుల మీద కొట్టాను నేను.

"మరి ఆ రోజే వచ్చి నన్ను అడగలేదేం అవ్వా?" అన్నాను.

ఆమె తల కూడా ఎత్తలేదు. "డబ్బులు తీసుకునే మాస్టారైతే ఆ రాత్రే వచ్చి అడిగేదాన్ని నాయనా, నా మనవడ్ని ఎందుకు కొట్టావని. నువ్వు ఊరికే చెబుతుంటివి. ఊరికే చెప్పే మాస్టార్ని ఏమని అడగను? అడిగితే రేపట్నుంచి నువ్వు రాకపోతే, పేటంతా నన్ను తిట్టిపోయదా?"

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మీరు కూడా ఒక్క నిమిషం ఆ మాట దగ్గర ఆగండి.

తీసుకోనివాడు ఏం తీసుకుంటున్నాడు?

డబ్బు తీసుకోవడం లేదు కాబట్టి నేను ఏమీ తీసుకోవడం లేదనుకున్నాను. కానీ ఆ పేట నుంచి ఒకటి తీసుకున్నాను. నన్ను అడిగే హక్కును తీసుకున్నాను.

ప్రభుత్వ బడిలో పనిచేసే టీచరుకి పైన హెడ్మాస్టరు ఉన్నాడు, ఎంఈఓ ఉన్నాడు, తల్లిదండ్రుల కమిటీ ఉంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. ఆలస్యంగా వస్తే రిజిస్టరులో పడుతుంది. నాకు ఏ రిజిస్టరు ఉంది? వచ్చిన రోజు దండం పెడతారు, రాని రోజు "పాపం ఏం పనుందో" అంటారు. ఏప్రిల్ 14న సభ పెడితే శాలువా కప్పుతారు. తప్పు చేస్తే అడిగే మనిషే లేడు.

నా చేతిలో ఒక కర్ర కూడా ఉంది. స్కేలు గురించి కాదు నేను చెప్పేది. "మీరిట్లా అల్లరి చేస్తే రేపట్నుంచి నేను రాను" అనే మాట. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అనగానే హాలంతా చప్పుడు లేకుండా అయిపోయేది. అది క్రమశిక్షణ అనుకుని సంతోషపడేవాణ్ణి. జీతం తీసుకునేవాడు ఆ మాట అనలేడు. ఊరికే చెప్పేవాడే అనగలడు. ముసలామె నోరు మూయించింది ఆ కర్రే.

ఈ సంగతి మన ఉద్యమానికి కొత్తది కాదు. పూనా ఒప్పందం జరిగిన 1932లో అంటరానితనం పోగొట్టడానికని పెట్టిన సంస్థే తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయింది. మొదట్లో బాబాసాహెబ్ కూడా దాని కమిటీలో ఉండి, తర్వాత బయటికొచ్చారు. ఆ సంస్థను నడిపే కమిటీల్లో అంటరానివారికి చోటు కావాలని అడిగితే ఏం జవాబొచ్చిందో ఆయన 1945లో అచ్చువేసిన పుస్తకంలో, కాంగ్రెస్ గాంధీ అంటరానివారికి ఏం చేశారన్న పుస్తకంలో, రాశారు. ఇది సవర్ణ హిందువులు చేసుకునే ప్రాయశ్చిత్తం, డబ్బు వాళ్లది, కాబట్టి నడపడం కూడా వాళ్లే నడపాలి అన్నది ఆ జవాబు సారాంశం. అంటే పుచ్చుకునేవాడు పుచ్చుకోవాలి గానీ అడగకూడదు. అటువంటి సేవ మనిషిని లేపదనీ, ఇంకా వంగదీస్తుందనీ బాబాసాహెబ్ కోపం.

ఈ కథ మనం సభల్లో చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. కానీ నేను ఆ పేటలో పుట్టినవాణ్ణే, దీక్ష తీసుకున్నవాణ్ణే. అయినా ఉద్యోగమొచ్చి, ఊరు మారి, బండి మీద తిరిగొచ్చేసరికి నాకూ కూలికిపోయే ఆ ఇంటికీ మధ్య ఒక మెట్టు లేచింది. పై మెట్టు మీద నిలబడి ఇచ్చాను. ఇచ్చేవాడిది ఏ కులమైనా, పై మెట్టు మీద నుంచి ఇస్తే కింద ఉన్నవాడి నోరు మూతపడుతుంది.

మరి ఫీజు పెడదామా?

ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు అన్నాడు: "నెలకి ఇరవై రూపాయలు పెట్టండి సార్. డబ్బిచ్చినవాడు అడుగుతాడు. తేలిపోయింది కదా!"

కొట్టిపారేసే మాట కాదు. ఇచ్చి పుచ్చుకునే చోట కొంత గౌరవం ఉంది, నిజమే. కానీ ఇరవై రూపాయలు ఇచ్చినవాడికి అడిగే హక్కు వస్తే, ఇవ్వలేనివాడి సంగతేంటి? మిరప కోతల్లో మేస్త్రీ దగ్గర చిక్కుకున్న ఆ ఇంటికే మళ్లీ నోరుండదు. 1927లో మహద్‌లో మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు కొనుక్కుని తాగడానికి పోలేదు, దయతలచి పోయమని అడగడానికీ పోలేదు. మనుషులం కాబట్టి తాగుతాం అని పోయారు. అడిగే హక్కు డబ్బుతో రాదు, దయతో రాదు. మనిషి అయినందుకే ఉంటుంది. ఫీజు పెట్టి నేను ఆ హక్కును అమ్మగలను, ఇవ్వలేను. అది ముందు నుంచే వాళ్లది.

ఇంకొందరు "రుణం తీర్చుకోవడం" అంటారు. ఈ మాట నాకిష్టం. నా మొదటి అక్షరాలు ఇదే పేటలో, ఊరికే చెప్పిన ఓ టీచరమ్మ దగ్గర దిద్దినవే. ఆమెకు ముందు 1848లో పుణెలో బడి నడిపిన సావిత్రీబాయి, జోతిరావు ఫూలే ఉన్నారు. 1910 నాటికే హైదరాబాదులో మన పిల్లలకి బళ్లు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ ఉన్నారు. ఆ రుణం ఉంది. అప్పున్నవాడు అప్పిచ్చినవాడి ముందు రొమ్ము విరుచుకుని నిలబడడు, కాబట్టి దానం చేస్తున్నాననే కంటే రుణం తీరుస్తున్నాననడం మేలు. కానీ రుణానికీ ఒక లెక్క పుస్తకం ఉంటుంది. ఆరేళ్లు చెప్పాను, తీరిపోయింది, ఇక నా దారి నాది అనొచ్చు. పిల్లలు అప్పుల వాయిదాలు కాదు కదా.

ధమ్మం ఏమంటుంది?

'బుద్ధుడు ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ సద్ధమ్మాన్ని వివరిస్తూ చదువు అందరికీ అందాలంటారు. అక్కడితో ఆగరు. ఒట్టి చదువు చాలదు, ప్రజ్ఞ కావాలి. ప్రజ్ఞ చాలదు, శీలం కావాలి. శీలంతో పాటు కరుణ కావాలి. కరుణ కూడా చాలదు, మైత్రి కావాలి. కరుణను దాటి మైత్రి దాకా ఎందుకు వెళ్లారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకర్థమైంది ఇది: కరుణలో ఒకడు కష్టంలో ఉంటాడు, ఇంకొకడు చూస్తాడు. మైత్రిలో ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకే చాప మీద కూర్చున్నవాడు "నువ్వు చేసింది తప్పు" అనగలడు.

దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో భగవానుడు గురుశిష్యుల సంబంధాన్ని రెండు వైపుల నుంచీ చెప్పాడు. శిష్యుడికి ఐదు బాధ్యతలుంటే గురువుకీ ఐదున్నాయి. బాగా తీర్చిదిద్దడం, అర్థమయ్యేలా చెప్పడం, ఏదీ దాచకుండా నేర్పడం, నలుగురిలో వాళ్ల గురించి మంచి చెప్పడం, అన్ని దిక్కులా రక్షణ ఇవ్వడం. జీతం తీసుకోని గురువుకి ఇందులో ఏదైనా తగ్గుతుందని ఎక్కడా లేదు.

ధమ్మపదం అట్టకథలో ఆళవి రైతు కథ ఉంది. భగవానుడు ఆళవికి వచ్చాడని తెలిసి ఒక పేద రైతు వినడానికి బయలుదేరబోతాడు. అంతలో ఎద్దు తప్పిపోతుంది. వెతికి పట్టుకుని, తిండీ నీళ్లూ లేకుండా ఆలస్యంగా సభకి వస్తాడు. అప్పటి దాకా భగవానుడు బోధ మొదలుపెట్టలేదు. వాడు రాగానే ముందు అన్నం పెట్టించాడు. తిన్నాక బోధించాడు. భిక్షువులు కొందరు గొణుక్కుంటే, ఆకలితో ఉన్నవాడికి ధమ్మం ఎక్కదని చెప్పాడు. నేను ఆ పిల్లాణ్ణి "తిన్నావా" అని అడగలేదు. "ఎందుకు నిద్రపోతున్నావ్" అని మాత్రం అడిగాను. అది కూడా జవాబు కోసం కాదు.

నాకు దారి చూపించింది మాత్రం పవారణ. వినయపిటకంలో ఉంది. కోసల దేశంలో కొందరు భిక్షువులు వర్షావాసం మూడు నెలలూ గొడవలు రాకూడదని ఒకరితో ఒకరు మాట్లాడకుండా గడిపారు. హాయిగా ఉన్నామని భగవానుడికి చెప్పుకున్నారు. ఆయన మెచ్చుకోలేదు, మందలించాడు. మాటలు లేనిచోట గొడవ లేదంటే అది ఐక్యత కాదు. అందుకే వర్షావాసం చివర పవారణ పెట్టాడు. ప్రతి భిక్షువూ సంఘం ముందు చేతులు జోడించి, నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే చెప్పండి, సరిదిద్దుకుంటాను అని అడగాలి. పెద్దవాడే ముందు అడగాలి. సంయుత్తనికాయంలో ఒక పవారణ రోజున భగవానుడే స్వయంగా భిక్షువులను అలా అడుగుతాడు. ధమ్మదానం చేసేవాళ్లలో ఆయన్ని మించినవారెవరు? ఆయనే అడిగాడు. నేనెవర్ని?

మా పేట పవారణ

ఆ ఏడు ఆశ్వయుజ పౌర్ణమి నాడు హాల్లో తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ కూర్చోబెట్టాను. కుర్చీ వేశారు, తీసేయమన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, పిల్లాడి పేరెత్తకుండా. "మీరు ఏం చెప్పినా నేను రావడం మానను. ముందు ఆ మాట ఇస్తున్నాను. ఇప్పుడు చెప్పండి" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపు ఫ్యాను చప్పుడే. తర్వాత ఒకామె మెల్లగా అంది: "రాని రోజు ఒక్క ఫోన్ చెయ్యి బాబూ. పిల్లలు ఏడింటి దాకా తలుపు దగ్గరే కూచుంటన్నారు." ఊరికే వచ్చేవాణ్ణి, రాకపోతే చెప్పాల్సిన పనేముంది అనుకున్నాను అన్నాళ్లూ. తర్వాత ఏడో తరగతి అమ్మాయి లేచింది. "సార్, అబ్బాయిలు లెక్క తప్పు చేస్తే మళ్లీ చెయ్ అంటారు. మేం తప్పు చేస్తే పోనీలే అంటారు." నేను ఆడపిల్లల్ని సున్నితంగా చూస్తున్నాననుకుంటున్నాను. ఆ అమ్మాయి అందులో ఉన్న చిన్నచూపును పట్టుకుంది.

ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. నొప్పేసింది, దాచను. ఇంత చేస్తే ఇదా అని కూడా అనిపించింది. ఆ "ఇంత చేస్తే" అనే మాటే నా లెక్క పుస్తకం అని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మా హాల్లో రెండు హాజరు పట్టీలున్నాయి. ఒకటి పిల్లలది, నేను రాస్తాను. రెండోది నాది, పిల్లలు రాస్తారు. గోడ మీద నా ఫోన్ నంబరుంది. పాఠానికి ముందు గుప్పెడు వేయించిన వేరుశనగలు, చిన్న బెల్లం ముక్క పెడతాం. ఖర్చు పేటంతా పంచుకుంటుంది. నేనే పెడతానంటే ఆడవాళ్లు ఒప్పుకోలేదు. మంచిదే. స్కేలు గీతలు గీయడానికే. "రేపట్నుంచి రాను" అనే మాట నా నోట రాకూడదని పంచశీలంలో నాలుగోదాంతో పాటు తలుచుకుంటాను.

మీ విహారంలో, మీ కాలనీలో ఊరికే చదువు చెప్పేవాళ్లుంటే వాళ్లకి శాలువా కప్పండి, తప్పులేదు. కానీ ఏడాదికి ఒక్కసారి వాళ్ల ముందు కూర్చుని అడగండి కూడా. మీరే ఊరికే చెప్పేవాళ్లయితే, వాళ్లు అడిగే దాకా ఆగకండి. ఆగితే అడగరు. ముందు మీరే అడగండి.

ఆ పిల్లాడి సంగతి చెప్పాలి. మూడు వారాల తర్వాత వాళ్ల అమ్మమ్మే పంపింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కలు బాగా చేస్తాడు. నేను క్షమించమని అడిగాను, తలూపాడు. కానీ ఇప్పటికీ నేను పుస్తకం చూడ్డానికి పక్కన వంగితే చేతులు ఒళ్లోకి తీసుకుంటాడు. వాడికి తెలియకుండానే తీసుకుంటాడు. ఏ పవారణలోనూ వాడు నోరు తెరవలేదు. వచ్చే ఆశ్వయుజ పౌర్ణమికి మళ్లీ అడుగుతాను. చెప్తాడో చెప్పడో వాడిష్టం. అడగడం నా పని.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!